గస్తీ వాహనానికి సామగ్రి అమర్చే ఖర్చు: కొటేషన్లలో కనిపించని లెక్క

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు అరవై పోలీసు గస్తీ వాహనాలు కొంటున్నారు. వాహనాల ధర తేలిపోయింది. వాటికి లైట్ బార్ (కప్పు మీద అడ్డంగా బిగించే మెరిసే లైట్ల వరుస), సైరన్, వైర్‌లెస్ సెట్, కంప్యూటర్, కెమెరాలు, వెనుక సీటుకు అడ్డుగోడ బిగించడానికి మూడు కొటేషన్లు వచ్చాయి. అతి తక్కువ చెప్పినవారికీ అతి ఎక్కువ చెప్పినవారికీ మధ్య దాదాపు రెండింతల తేడా ఉంది. జాబితాలో వస్తువులు మాత్రం ఒకటే. ఇంత తేడా ఎందుకు, పాత వాహనాల సామగ్రినే విప్పి కొత్తవాటికి బిగిస్తే సగం ఖర్చు మిగులుతుందా, పై అధికారులకు ఏ అంకె చెప్పాలి అని అడిగారు.

నేను పదిహేనేళ్లు ఈ వాహనాలను చేతులతో బిగించాను. తర్వాత ఎనిమిదేళ్లుగా కొనుగోలు వైపు కూర్చుని ఇలాంటి కొటేషన్లే చదువుతున్నాను. అందుకే కాస్త పెద్ద జవాబు రాస్తున్నాను. ఇక్కడ తప్పిన లెక్క కాగితం మీద ఆగదు. అర్ధరాత్రి రోడ్డు పక్కన వాహనం ఆపి నిలబడిన మనిషి దాకా వెళుతుంది.

ముందు మొత్తం మీద ఒక అంచనా. వాహనం ధర 100 అనుకుంటే లైట్లు, సైరన్, అడ్డుగోడ, వైరింగు, కూలీ కలిపి 25 నుంచి 40 వరకు కావడం, దానికి వైర్‌లెస్, కంప్యూటర్, కెమెరాలు చేరితే 50 దాటిపోవడం నా చేతుల మీదుగా వెళ్లిన పత్రాల్లో మామూలే. కాబట్టి సామగ్రి ఖర్చు వాహనం ధరలో సగం ఉందని ఉలిక్కిపడకండి. ఆ సగంలో ఏది దేనికి పోతోందో తెలియకపోతేనే భయపడాలి.

వస్తువులు ఒకటే అయినప్పుడు తేడా తీగల్లోనూ చేతిపనిలోనూ ఉంటుంది. పూర్తిస్థాయి గస్తీ వాహనం ఒక్కదానికి మేము లాగే తీగ వంద మీటర్లకు పైనే. తీగకు తీగ కలిపే ప్రతి కలుపూ రేపు చెడిపోగల చోటే. ఒక ఏడాది మా దగ్గర అందరికన్నా తక్కువ చెప్పినవారికి పని అప్పగించారు. వాళ్లు తీగ మీది తొడుగును కొరికి పట్టుకునే చౌక క్లిప్పులతో కలుపులన్నీ వేశారు. మొదటి నెలల్లో అంతా బాగానే నడిచింది. వర్షాలు మొదలయ్యాక తేమ చేరి రాగి పచ్చబడింది. సైరన్ ఒక రోజు మోగేది, మరుసటి రోజు మోగేది కాదు. వర్క్‌షాపుకు తెచ్చి చూస్తే మోగేది. ఇలా వచ్చిపోయే లోపాలకు మించిన శిక్ష మెకానిక్‌కు మరొకటి లేదు. కారణం వెతకడానికి రెండు రోజులు, సరిచేయడానికి పది నిమిషాలు. చివరికి ఇరవై రెండు వాహనాల వైరింగు మొత్తం తీసేసి మళ్లీ వేశాం. మొదట మిగిలిందనుకున్న డబ్బు ఆ ఒక్క పనిలోనే పోయింది. వాహనాలు రోడ్డు మీద లేని రోజులను ఎవరూ లెక్కే వేయలేదు.

తీగ మందం కూడా ఇలాంటిదే. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు నిరోధం మీటరుకు సుమారు 7 మిల్లీఓములు. బ్యాటరీ నుంచి డిక్కీలోని పరికరానికి రానుపోను పది మీటర్లు అనుకోండి. 10 ఆంపియర్లు పారితే 0.7 వోల్టు దారిలోనే పోతుంది. ఇంటి కరెంటులో 0.7 వోల్టు ఎవరికీ పట్టదు. 12 వోల్టుల వ్యవస్థలో, బ్యాటరీ కాస్త నీరసించిన వేళ, ప్రసారం మధ్యలో వైర్‌లెస్ సెట్ ఆగిపోవడానికి అది చాలు. అందుకే కొటేషనులో తీగ మందం, ఫ్యూజులు ఎక్కడ పెడతారు, కలుపులు ఎలా వేస్తారు అన్నవి రాసి ఉన్నాయా అని చూడండి. బ్యాటరీ నుంచి వచ్చే ప్రధాన తీగకు ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. దూరంగా డిక్కీలో పెడితే మధ్యలో ఎక్కడ తీగ ఒరిసినా మంటే. చౌక కొటేషనులో తరచుగా ఈ వివరాలే ఉండవు, ఉన్నా ఒక్క పంక్తిలో ‘వైరింగు: మొత్తం కలిపి’ అని ఉంటుంది.

ఇక విద్యుత్తు లెక్క. మీ జాబితాలోని వస్తువులకు నేను మామూలుగా వేసుకునే అంచనా ఇది: ఎల్‌ఈడీ లైట్ బార్‌కు 8 ఆంపియర్లు, 100 వాట్ల సైరన్‌కు మరో 8, ప్రసారం చేస్తున్న వైర్‌లెస్‌కు 12, కంప్యూటర్‌కు 5, కెమెరాలకూ రికార్డరుకూ 3, చిన్నాచితకా వాటికి 4. మొత్తం 40. దీని పైన హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాను, వైపర్లు ఎలాగూ ఉన్నాయి. ఇంజిను తిరుగుతుండగా కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ మీద రాసిన అంకె ఇంజిను వేగంగా తిరిగినప్పటిది. బండి నిలబడి ఇంజిను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు అది ఇచ్చేది బాగా తక్కువ. గస్తీ వాహనం రోజులో ఎక్కువసేపు గడిపేది ఆ స్థితిలోనే. ప్రమాద స్థలంలో ఇంజిను ఆపి, సైరన్, వైర్‌లెస్ ప్రసారం లేకుండా మిగతావి నడిపినా 20 ఆంపియర్లు. 70 ఆంపియర్-అవర్ బ్యాటరీ గంటా నలభై ఐదు నిమిషాలకు సగానికి పడిపోతుంది. అది కొత్త బ్యాటరీ సంగతి. రెండేళ్లు వాడినదానికి అంత ఓపిక ఉండదు.

పాతకాలపు తిరిగే హాలోజన్ లైట్లతో పోలిస్తే ఇప్పటి పరిస్థితి ఎంతో మేలు. 55 వాట్ల బల్బులు ఎనిమిది ఉన్న బార్ ఒక్కటే 36 ఆంపియర్లకు పైగా తాగేది. ఎల్‌ఈడీ వచ్చాక లైట్ల దగ్గర మిగిలిన విద్యుత్తును కంప్యూటర్లు, కెమెరాలు తినేశాయి. అందుకే కొత్త పరికరం ఏది అడిగినా దాని ధరకన్నా ముందు అది ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుందో అడగాలి.

ఈ లెక్క తప్పితే సిబ్బంది చేసేది ఒక్కటే. బ్యాటరీ పోతుందన్న భయంతో ఇంజిను ఆపరు. వారిని తప్పుపట్టలేం. బండి మళ్లీ కదలకపోతే ఇబ్బంది పడేది వాళ్లే. కానీ అలా నిలబడి తిరిగే ఇంజిను ఖర్చు సామగ్రి ఖాతాలో కాక ఇంధనం ఖాతాలో, రిపేర్ల ఖాతాలో పడుతుంది కాబట్టి ఎవరి కంటా పడదు. గంటకు లీటరున్నర, రోజుకు నాలుగు గంటలు, ఏడాదికి 300 రోజులు అనుకుంటే 1,800 లీటర్లు. ఐదేళ్లకు 9,000 లీటర్లు. ఒక్క వాహనానికి! పైగా ఇంజిను అరుగుదల. ఫోర్డ్ సంస్థ తన పోలీసు వాహనాల విషయంలో ఒక గంట ఇలా నిలిచి తిరగడాన్ని దాదాపు 33 మైళ్లు, అంటే 53 కిలోమీటర్ల ప్రయాణంతో సమానంగా లెక్కిస్తుంది. మన ఉదాహరణలో ఏడాదికి 1,200 గంటలు. మీటరు మీద కనిపించని 63,600 కిలోమీటర్లు. ఆయిల్ మార్చే గడువును కిలోమీటర్లు చూసి నిర్ణయించే చోట ఇంజిన్లు ముందే పోవడానికి కారణం ఇదే. రెండో బ్యాటరీ, అవసరం లేనివాటిని వాటంతట అవే ఆపే టైమరు, వోల్టేజీ పడిపోతే వరుసగా ఒక్కొక్కటి కత్తిరించే నియంత్రణ పెట్టె. కొటేషనులో ‘అదనం’ అని కనిపించే ఈ మూడింటినీ కొట్టేయకండి. నేనైతే ముందు కొట్టేసేది వాహనం చుట్టూ అదనంగా పెట్టే చిన్న లైట్లలో సగాన్ని.

రంధ్రాల విషయం మీద కాస్త ఎక్కువసేపు ఆగాలి. తీగ లోపలికి తేవాలన్నా, యాంటెన్నా బిగించాలన్నా, అడ్డుగోడ నిలబెట్టాలన్నా వాహనానికి రంధ్రం చేయక తప్పదు. 2017 జులైలో అమెరికాలోని ఆస్టిన్ నగర పోలీసులు దాదాపు 400 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ గస్తీ వాహనాలను ఒక్కసారిగా రోడ్ల మీద నుంచి తీసేశారు. వాహనం లోపల కార్బన్ మోనాక్సైడ్ చేరి సిబ్బంది అస్వస్థులయ్యారన్నది కారణం. అది రంగూ వాసనా లేని వాయువు. మత్తులా కమ్ముకుంటుంది, స్టీరింగ్ పట్టుకున్న మనిషికి తెలియనే తెలియదు. పోలీసు సామగ్రి కోసం వెనుక భాగంలో చేసిన రంధ్రాలను సరిగా మూయకపోవడం వల్ల ఇంజిను పొగ లోపలికి వస్తోందని ఫోర్డ్ అప్పట్లో చెప్పింది. ఆ దేశపు రహదారి భద్రతా సంస్థ ఈ మోడల్ మీద 2016లో మొదలుపెట్టిన దర్యాప్తును 2023 జనవరిలో ముగించింది. ఎక్కువ మోతాదు కనిపించిన పోలీసు వాహనాల్లో దానికి కారణం తర్వాత బిగించిన సామగ్రి దగ్గర మూతలు సరిగా లేకపోవడమేనని తేల్చింది. ఒక రబ్బరు బుష్, వేలెడు సీలెంటు. వాటి ధర ఏ కొటేషనులోనూ విడిగా రాయనంత తక్కువ. కానీ వాటిని శ్రద్ధగా పెట్టే మనిషికి పట్టే సమయానికి ధర ఉంది. ఎక్కువ చెప్పిన కొటేషనులో ఆ సమయం లెక్కవేసి ఉండవచ్చు. లేదా కేవలం లాభమే ఎక్కువ వేసుకుని ఉండవచ్చు. ఒక్క వాహనానికి ఎన్ని పనిగంటలు అనుకుంటున్నారో ముగ్గురినీ అడగండి, ఏది నిజమో వెంటనే తెలిసిపోతుంది.

ఎయిర్‌బ్యాగులదీ ఇదే సంగతి. అవి తెరుచుకునే దారిలో కంప్యూటర్ స్టాండు, మైకు, అడ్డుగోడ అంచు ఏవీ ఉండకూడదు. పోలీసు వాహనాలు తయారుచేసే సంస్థలు ఎక్కడ రంధ్రం చేయవచ్చు, ఎక్కడ కూడదు, ఎక్కడ ఎర్త్ తీసుకోవాలి అన్నవి బొమ్మలతో సహా పుస్తకంగా ఇస్తాయి. బిగించేవారి బల్ల మీద మీ మోడల్ పుస్తకం లేకపోతే అక్కడి నుంచి లేచి రండి.

బరువు గురించి క్లుప్తంగా. వాహనానికి తయారీదారు చెప్పిన గరిష్ఠ బరువులోనుంచి ఖాళీ బరువు, సిబ్బంది, వారి వెంట ఉండే ఆయుధాలు, కవచాలు తీసేయండి. మిగిలిందే మీ సామగ్రి బరువు. దాన్ని మించితే బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్ త్వరగా పోతాయి. డిక్కీలో ఏది ఎలా పెట్టారన్నది కూడా ప్రాణాల మీదికి తేవచ్చు. ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా పోలీసు కార్లలో ఇంధనం ట్యాంకు వెనుక ఇరుసుకు వెనకాల ఉండేది. వేగంగా వచ్చిన వాహనం వెనుక నుంచి గుద్దినప్పుడు కొన్ని కార్లకు నిప్పంటుకుని పోలీసులు చనిపోయారు. 2002లో ఆ సంస్థ ట్యాంకు దగ్గర రక్షణ కవచాలతో పాటు డిక్కీలో సామగ్రి ఎలా సర్దాలో చెప్పే ఏర్పాటు కూడా చేసింది. కొనతేలిన ఇనుప సామాను ట్యాంకు వైపు పెట్టి ఉంటే గుద్దిన దెబ్బకు అది ట్యాంకులో దిగుతుంది కాబట్టి.

లైట్లు, సైరన్ల మీద అందరూ గంటలు చర్చిస్తారు. నాకు అంత చర్చ అవసరం అనిపించదు. లైట్లకు ఐరోపాలో ఆర్65, అమెరికాలో ఎస్‌ఏఈ జె845, జె595 ప్రమాణాలు ఉన్నాయి. మీకు వర్తించే ప్రమాణం ప్రకారం ధ్రువపత్రం ఉన్నది కొనండి. ఒక్కటి మాత్రం పట్టుబట్టి అడగండి: రాత్రివేళ వెలుగు తగ్గించే ఏర్పాటు. చీకట్లో పూర్తి వెలుగుతో మెరిసే లైట్లు ఎదురుగా వచ్చేవారి కళ్లు కమ్మేస్తాయి. వాహనం పక్కన నిలబడిన పోలీసు వారికి కనిపించడు. చాలా లైట్ బార్లలో ఈ సౌకర్యం ముందే ఉంటుంది, దాని తీగ కలపకుండా వదిలేస్తారు. సైరన్ స్పీకరును కప్పు మీద కాకుండా ముందు గ్రిల్ దగ్గర పెట్టించండి. లోపలివారి చెవులు దక్కుతాయి. వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే కాబట్టి 200 వాట్ల సైరన్ కోసం డబ్బు పోయడంలో లాభం తక్కువ.

వైర్‌లెస్ సెట్ చాలాసార్లు జాబితాలో అతి ఖరీదైన ఒకే వస్తువు. ధర మీ వ్యవస్థ నిర్ణయిస్తుంది, మీరు కాదు. కానీ దాని పనితనం బిగించేవారి చేతిలో ఉంది. యాంటెన్నా కప్పు మధ్యలో, లోహపు పలకతో గట్టి స్పర్శతో ఉండాలి. లైట్ బార్‌కు ఆనుకుని కాదు. ఎల్‌ఈడీలను నడిపే సర్క్యూట్లు కొన్ని రేడియోలో రొద పుట్టిస్తాయి. వర్క్‌షాపులో, ప్రసార కేంద్రానికి దగ్గరగా పరీక్షిస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. ఊరి అంచున సంకేతం బలహీనంగా ఉన్నచోట లైట్లు వేయగానే అవతలివారి మాట మునిగిపోతుంది. సాయం అడగాల్సిన చోటా, సమయమూ సరిగ్గా అవే. అందుకే వాహనాన్ని బలహీన సంకేతం ఉన్న చోటికి తీసుకెళ్లి, అన్నీ ఆపి ఒకసారి, ఒక్కొక్కటి వేస్తూ మళ్లీ ఒకసారి వినాలి. ఈ పరీక్ష నెగ్గాకే బిల్లు చెల్లిస్తామని ఒప్పందంలో రాయించండి. రాయిస్తే బిగించేవారు మొదటి నుంచే జాగ్రత్తపడతారు.

కెమెరాల దగ్గర మోసపోయేది ధర చూసి. సెకనుకు 4 మెగాబిట్ల వీడియో గంటకు 1.8 గిగాబైట్లు. రెండు కెమెరాలు రోజుకు మూడు గంటలు రికార్డు చేస్తే 10.8 గిగాబైట్లు. మీ అరవై వాహనాలకు రోజుకు 648 గిగాబైట్లు. తొంభై రోజులు దాచాలంటే 58 టెరాబైట్లు దాటుతుంది. కేసులకు సంబంధించినవి ఏళ్లతరబడి ఉంచాలి. ఈ నిల్వకు, దాన్ని చూసే సాఫ్ట్‌వేరుకు, నంబరు ప్లేట్లు చదివే కెమెరా ఉంటే దాని లైసెన్సుకు ఏటేటా కట్టాలి. వీటిని కొనుగోలు ఖర్చులో కలిపి చూపకండి, వదిలేయకండి. విడిగా, ఏటా వచ్చే ఖర్చుగా చూపండి. మొదటి ఏడాది ఉచితం అన్న కొటేషను ఐదేళ్లకు ఎంత అవుతుందో రాతపూర్వకంగా తెప్పించండి.

ఇక పాత సామగ్రి. మీ ఆలోచన తప్పు కాదు, కానీ సగం మిగలదు. అడ్డుగోడ, ముందు సీట్ల మధ్య పెట్టే కన్సోలు, బంపరు ముందు కవచం, లైట్ బార్ కాళ్లు ఆ మోడల్ కొలతలకు చేసినవి. క్రౌన్ విక్టోరియా ఉత్పత్తి 2011లో ఆగినప్పుడు దాని అడ్డుగోడలు, కన్సోళ్లు కొత్త మోడళ్లలో సరిపోక పక్కన పడేయాల్సి వచ్చింది. మీరు అదే మోడల్ మళ్లీ కొంటుంటే కథ వేరు. వైర్‌లెస్ సెట్, సైరన్ ఆంప్లిఫైయర్, కంప్యూటర్ మాత్రం వాహనం కన్నా ఎక్కువ కాలం బతకగలవు, వాటిని విప్పి కొత్తదానికి బిగించుకోవచ్చు. పాత తీగలను మాత్రం ఎప్పుడూ కొత్త వాహనంలో వేయకండి. ఐదేళ్లు వేడికీ అదురుకూ లోనైన తీగ పైకి బాగానే కనిపిస్తుంది, వంచితే లోపల విరుగుతుంది. విప్పడానికి పట్టే గంటలకు కూడా కూలీ ఉంది. ఆ గంటలు, మిగిలిన ఆయువు, కొత్త వారంటీ కోల్పోవడం అన్నీ వేస్తే, మా దగ్గర మిగిలింది సామగ్రి ఖర్చులో ఐదో వంతుకు అటూ ఇటుగా.

పై అధికారులకు ఒక్క అంకె ఇవ్వకండి. మూడు ఇవ్వండి: వాహనాన్ని రోడ్డెక్కించడానికి అయ్యేది, ఏటా అయ్యేది, చివర్లో విప్పడానికి అయ్యేది. మూడూ కలిపి ఎన్ని సంవత్సరాలు నడుపుతారో ఆ సంఖ్యతో భాగించి ఏడాదికి ఎంతో చూపండి. అప్పుడు మూడు కొటేషన్ల మధ్య ఉన్న రెండింతల తేడా చాలావరకు కరిగిపోతుంది, కొన్నిసార్లు వరుస తారుమారవుతుంది కూడా. ఒక్కో వాహనం బిగింపుకు పది రోజులు పడితే అరవైకి 600 వాహన-దినాలు. అన్నాళ్లు పాతవి నడపాలి కాబట్టి ఆ ఖర్చు కూడా అందులో పడాలి.

అరవై ఒకేసారి అప్పగించకండి. ముందు ఒక్క వాహనం చేయించండి. రాత్రి విధుల్లో ఉండే ఇద్దరికి ఇచ్చి నెల రోజులు నడపనివ్వండి. చీకట్లో, చేతికి గ్లవ్స్ ఉండగా, చూడకుండా ఏ స్విచ్ అందుతోంది, ఏది అందడం లేదు అని వాళ్లనే అడగండి. స్విచ్‌ల వరుస అక్కడ ఖరారు చేసి, మిగతా యాభై తొమ్మిదింటిలోనూ అంగుళం అటూ ఇటూ కాకుండా అదే ఉంచండి. ఎవరు ఏ బండి ఎక్కినా చేయి తనంతట తాను అక్కడికే వెళ్లాలి. వైరింగు బొమ్మ ప్రతి వాహనానికీ ఒకటి తీసుకోండి. చివరి వాయిదా చెల్లింపును దానికి ముడిపెట్టండి. మూడేళ్ల తర్వాత ఏదో ఒక రాత్రి ఆ బండి బానెట్ ఎత్తే మెకానిక్‌కు అది తప్ప మరో ఆధారం ఉండదు.